బీపీఎఫ్ అటామిక్ ఇన్‌స్ట్రక్షన్లు: పాత విలువను ఎక్కడ వెతకాలి

లినక్స్ కెర్నల్‌లో నడిచే బీపీఎఫ్ (కెర్నల్ లోపల చిన్న ప్రోగ్రాములు నడిపే ఏర్పాటు) ప్రోగ్రాములో ఒకే కౌంటర్‌ను రెండు సీపీయూలు చదివి, ఒకటి కలిపి, తిరిగి రాస్తే ఒక పెంపు గల్లంతవుతుంది. అందుకే చదవడం, మార్చడం, రాయడం విడదీయలేని ఒకే పనిగా చేసే అటామిక్ ఇన్‌స్ట్రక్షన్లు. వాడేముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: మార్పుకు ముందున్న విలువ మీకు కావాలా, అక్కర్లేదా?

అక్కర్లేకపోతే సాదా యాడ్, ఆర్ (OR), ఆండ్ (AND), జోర్ (XOR) చాలు. మెమరీ మారుతుంది, రిజిస్టర్లు మారవు. కావాలంటే ఫెచ్ బిట్ పెట్టాలి. అప్పుడు పాత విలువ సోర్స్ రిజిస్టర్‌లోకే వచ్చి పడుతుంది. కలపమని ఇచ్చిన సంఖ్య మళ్లీ అవసరమైతే ముందే వేరే రిజిస్టర్‌లో దాచుకోండి.

ఆప్‌కోడ్ దశాంశంలో 64 బిట్లకు 219, 32 బిట్లకు 195. ఏ పని చేయాలన్నది ఇమ్మీడియట్ ఫీల్డ్ చెబుతుంది: యాడ్ 0, ఆర్ 64, ఆండ్ 80, జోర్ 160, ఫెచ్‌కు మరో 1 కలపాలి. ఎక్స్ఛేంజ్ (కొత్త విలువ పెట్టి పాతది తెచ్చేది) 225, కంపేర్-ఎక్స్ఛేంజ్ (పోల్చి, సరిపోలితేనే మార్చేది) 241. ఈ రెండింటిలో ఫెచ్ ఎప్పుడూ ఉంటుంది. ఆర్1 రిజిస్టర్ చూపే చోటికి 8 బైట్ల అవతల ఆర్2ను కలిపి పాత విలువ తెచ్చుకోవాలంటే, లిటిల్ ఎండియన్‌లో బైట్లు ఇలా ఉంటాయి: 219, 33, 8, 0, 1, 0, 0, 0.

సాదా యాడ్ తప్ప మిగతావన్నీ 2021లో, 5.12 కెర్నల్‌తో వచ్చాయి. క్లాంగ్‌తో కంపైల్ చేసేటప్పుడు ఎంసీపీయూ (-mcpu, ఏ ఇన్‌స్ట్రక్షన్ సెట్ వాడాలో చెప్పే ఆప్షన్) కనీసం వీ3 అయి ఉండాలి.

ఎక్కువమంది తడబడేది కంపేర్-ఎక్స్ఛేంజ్ దగ్గరే. పోల్చాల్సిన విలువ ఆర్0లోనే ఉండాలి, వేరే రిజిస్టర్ కుదరదు. సరిపోలితే సోర్స్ విలువ మెమరీలోకి వెళ్తుంది. సరిపోలినా, పోలకపోయినా పాత విలువ ఆర్0లోకి వస్తుంది. కాబట్టి మీరు ఆశించిన విలువ నకలు ఆర్6లో ఉంచి, తర్వాత ఆర్0తో పోల్చండి. సమానమైతేనే మార్పు జరిగినట్టు. విఫలమైతే తాజా విలువ ఆర్0లో సిద్ధంగా ఉంటుంది, మళ్లీ లోడ్ చేయనక్కర్లేదు. తిరిగి ప్రయత్నించే లూప్‌కు మాత్రం హద్దు పెట్టండి, లేకపోతే వెరిఫయర్ (లోడ్ చేసేముందు ప్రోగ్రామును తనిఖీ చేసే కెర్నల్ భాగం) ఒప్పుకోదు.

32 బిట్లలో ఇంకో ఉచ్చు ఉంది. ఆర్0లోనూ, నకలు దాచిన ఆర్6లోనూ 64 బిట్ల మైనస్ 1, మెమరీలో 32 బిట్ల మైనస్ 1 ఉందనుకోండి. పోలిక కింది 32 బిట్లతోనే జరిగి మార్పు విజయవంతమవుతుంది. కానీ పై బిట్లు సున్నాలై ఆర్0లోకి 4294967295 వస్తుంది. దాన్ని ఆర్6తో 64 బిట్లలో పోలిస్తే విఫలమైందనిపిస్తుంది, జరిగిన పనినే కోడ్ మళ్లీ చేయబోతుంది. ఇక్కడ పోలిక 32 బిట్ల జంప్‌తోనే చేయాలి.

ఆర్డరింగ్ (మెమరీ పనులు ఏ వరుసలో కనిపిస్తాయన్నది) కూడా ఫెచ్ మీదే ఆధారపడుతుంది. ఫెచ్ ఉంటే ముందూ వెనకా ఉన్న మెమరీ పనులన్నిటికీ పూర్తి క్రమం ఉంటుంది. లేకపోతే ఆ హామీ లేదు. ఎక్స్86లో లాక్ ప్రిఫిక్స్ వల్ల ఈ తేడా బయటపడదు, ఆర్మ్64లో బయటపడుతుంది. డేటా రాసి "సిద్ధం" అని ఫ్లాగ్ ఎత్తాలంటే సాదా ఆర్ వద్దు, ఎక్స్ఛేంజ్ వాడండి.

వీటన్నిటికీ సైజు 4 లేదా 8 బైట్లే, చిరునామా ఆ సైజుకు అలైన్ అయి ఉండాలి. మ్యాప్ (బీపీఎఫ్ ప్రోగ్రాములు డేటా దాచుకునే పట్టిక) విలువ, స్టాక్ మీద చేయవచ్చు. కాంటెక్స్ట్ (ప్రోగ్రాముకు కెర్నల్ అందించే ఇన్‌పుట్), ప్యాకెట్ పాయింటర్ల మీద చేస్తే వెరిఫయర్ తిప్పికొడుతుంది. రెండు ఫీల్డులు కలిసి మారాలంటే బీపీఎఫ్ స్పిన్‌లాక్ తప్పదు.

చివరగా ఆబ్జెక్ట్ ఫైల్‌ను డిస్అసెంబుల్ చేసి చూడండి. మీరు ఫెచ్ అనుకున్న చోట "లాక్" అని మొదలయ్యే లైను కనిపిస్తే, కంపైలర్ సాదా రూపమే వేసింది.