పాత కారు చెక్క డాష్‌బోర్డుకు పాలిష్ పట్టే ముందు
పాత వార్నిష్ గీకితే డాష్‌బోర్డు మీద స్విచ్‌ల పేర్లు తెలిపే అక్షరాలూ పోతాయి, కాబట్టి ముందే వాటిని ట్రేసింగ్ పేపర్ మీద దించుకోండి. స్విచ్ రంధ్రం అంచు నుంచి ప్రతి అక్షరం ఎంత దూరంలో ఉందో మిల్లీమీటర్లలో రాసుకోండి. ఫొటో ఒక్కటే చాలదు, కోణం కాస్త మారినా కొలత మారిపోతుంది.

పైన కనిపించే ఆ అందమైన చెక్క చాలా కార్లలో ప్లైవుడ్ మీద అతికించిన పల్చటి చెక్క పొర (వెనీర్) మాత్రమే, మిల్లీమీటరు మందం కూడా ఉండదు. సాండింగ్ మెషీన్ పెట్టారంటే అంచుల దగ్గర క్షణంలో అరిగి కింది ప్లైవుడ్ బయటపడుతుంది, ఇక దాన్ని దాచలేం. వార్నిష్‌ను మెత్తబరిచే రిమూవర్ రాసి, వార్నిష్ మెత్తబడ్డాక ప్లాస్టిక్ స్క్రాపర్‌తో తీయండి. తర్వాత 320 నంబరు సాండ్‌పేపర్‌తో, చేత్తోనే, చెక్క గీతల వెంటే రుద్దండి.

కొత్త వార్నిష్ రెండు మూడు కోటింగ్‌లు వేసి, అవి బాగా ఆరాకే కొత్త అక్షరాల స్టిక్కర్లు అతికించండి. వాటిపై మొదటి కోటింగ్ మంచు పడ్డట్టు పల్చగా స్ప్రే చేయాలి. తడిసేలా కొడితే అక్షరాలు ముడుచుకుపోతాయి.