జొటెరోలో ‘ఎట్ ఆల్’ పోయి ‘తదితరులు’ ఎట్లా వచ్చిందంటే

తెలుగులో థీసిస్ రాస్తూ జొటెరో (రిఫరెన్సులు పెట్టే సాఫ్ట్‌వేర్) వాడేవాళ్ల కోసం ఇది. హన్మకొండలో మా గైడ్ సార్ చాప్టర్ తిరగేసి ఒకటే మాట అన్నారు, "ఏందిది, తెలుగు వాక్యం మధ్యలో ఈ ఎట్ ఆల్, పీపీ?" (ఎట్ ఆల్ అంటే ‘తదితరులు’, పీపీ అంటే ‘పుటలు’.) ఏపీఏ అనే రిఫరెన్స్ పద్ధతి ఏడో ఎడిషన్ స్టైల్‌లో రచయితలు ముగ్గురు దాటనక్కర్లేదు, ముగ్గురున్నా వాక్యంలో మొదటి పేరు రాసి ఎట్ ఆల్ పెట్టేస్తుంది.

మొదట చేత్తోనే దిద్దుకుంటూ పోయాను, రిఫ్రెష్ కొట్టగానే అన్నీ మళ్లీ మొదటికే. అందుకని స్టైల్‌నే మార్చాను.

స్టైల్ అంటే సీఎస్ఎల్ అనే ఎక్స్‌ఎంఎల్ (ట్యాగులతో రాసే టెక్స్ట్) ఫైలే, నోట్‌ప్యాడ్‌లో కూడా తెరుచుకుంటుంది. పైన ఇన్ఫో భాగం అయిపోయిన చోట లోకేల్ అనే ట్యాగ్ పెట్టి (భాష పేరు ఇవ్వకపోతే అన్ని భాషలకీ పనిచేస్తుంది), లోపల టర్మ్స్‌లో ఎట్-ఆల్‌కి ‘తదితరులు’, పేజ్‌కి ‘పుట’ అని రాశాను. తదితరులు వచ్చింది, పుట మాత్రం రాలేదు! రెండు గంటలు తల పట్టుకున్నాక తెలిసింది, ఏపీఏ అడిగేది పేజ్ పదం షార్ట్ రూపాన్ని (పీపీ లాంటి పొట్టి రూపం), నేను ఇచ్చింది లాంగ్ (పూర్తి పదం). షార్ట్‌కి సింగిల్ (ఏకవచనం), మల్టిపుల్ (బహువచనం) రెండూ ‘పు.’ అని ఇస్తే దారికొచ్చింది.

ఇంకోటి, ఇన్ఫో భాగంలో స్టైల్ టైటిల్‌తోపాటు ఐడీ కూడా తప్పక మార్చండి. నేను మార్చలేదు, కొన్నాళ్లకు ఆటోమేటిక్ అప్‌డేట్ వచ్చి నా పనంతా తుడిచేసింది. ఇప్పుడు ఫైల్ కాపీ పెన్‌డ్రైవ్‌లోనూ ఉంది.