మికోనోస్ గాలికి సిద్ధపడడం: నెల్లూరు నుంచి వెళ్లేవారికి

మైపాడు తీరంలో సాయంత్రం వీచే పైరగాలికి అలవాటుపడినవారు, గ్రీసులోని మికోనోస్ ద్వీపపు గాలి కూడా అలాంటిదేనని అనుకోకూడదు. జూలై, ఆగస్టు నెలల్లో మబ్బు తునకైనా లేని ఆకాశం కింద ఉత్తరం నుంచి వీచే మెల్తెమి అనే గాలి ఒక్కోసారి రోజుల తరబడి ఆగదు. అది ఉధృతమైతే ఏథెన్స్ వైపు రేవులైన పిరేయస్, రఫీనాల నుంచి నడిచే ఓడలు నిలిచిపోతాయి కనుక, చెన్నైకి తిరుగు విమానం ఎక్కేముందు ఒక రోజైనా ఏథెన్స్‌లో ఉండేలా చూసుకోవాలి. గ్రీసుకు కావలసిన షెంగెన్ వీసాకు ప్రయాణానికి 6 నెలల ముందు నుంచే దరఖాస్తు చేయవచ్చు.

హోరా పట్టణంలో సున్నం వేసిన తెల్లని గోడల మధ్య, వంకర సందుల్లో నడుస్తున్నంతసేపూ అంతగా తెలియని గాలి, కాతో మీలి మిట్ట మీద ఒకప్పుడు గోధుమలు విసిరిన గాలిమరల దగ్గరకు చేరగానే ముఖం మీద కొడుతుంది. అక్కడికి టోపీ కంటే గడ్డం కింద ముడివేసుకునే రుమాలు నయం. చీర కట్టినవారు కొంగుకు మరో రెండు పిన్నీసులు పెట్టుకోవాలి. గొడుగు సంగతి చెప్పనక్కరలేదు.

ఈతకు దక్షిణ తీరంలోని ప్లాటిస్ యాలోస్ మేలు. 1990లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన డెలోస్ ద్వీపానికి పడవలో సుమారు అరగంట పడుతుంది. మధ్యాహ్నానికి గాలి ముదురుతుంది కాబట్టి ఉదయపు తొలి పడవనే ఎంచుకోవాలి.