కత్తిరి ఎండల్లో ప్రాసెసర్‌కి ఎన్ని వాట్లు చాలు?

తిరుపతిలో మేడ మీద రేకుల గదిలో పెట్టిన ఎడిటింగ్ కంప్యూటర్, మే నెలలో పెళ్ళి వీడియో ఎక్స్‌పోర్ట్ కొట్టగానే మిక్సీలా మోగుతుంది. కూలర్ మార్చాలా, ఏసీ పెట్టించాలా అని లెక్కలేసుకునే ముందు బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగుల్లో, ఒక్క అంకె మార్చి చూడండి. ప్రాసెసర్‌ని ఎన్ని వాట్ల దాకా పోనివ్వాలో చెప్పే అంకె అది. దానికి పైసా ఖర్చు లేదు. నచ్చకపోతే మళ్ళీ పాత అంకె పెట్టేయొచ్చు.

చిప్పు లాగే కరెంటు దాని ఫ్రీక్వెన్సీతో పాటు పెరుగుతుంది, వోల్టేజికైతే వర్గంలో పెరుగుతుంది. వోల్టేజి 10 శాతం పెంచితే ఆ ఒక్క కారణానికే ఖర్చు 21 శాతం ఎక్కువ. చివరి మూడు నాలుగు వందల మెగాహెర్ట్జ్ కోసం వోల్టేజి బాగా ఎక్కించాల్సి వస్తుంది కాబట్టి వాట్లలో పెద్ద భాగం అక్కడే పోతుంది. రివ్యూ పట్టికల్లో పై వరసలో కనబడాలని కంపెనీలు ప్రాసెసర్లని ఆ అంచు మీదే నడిపి అమ్ముతున్నాయి. ఏఎండీ కంపెనీ రైజెన్ 7 7700ఎక్స్ డబ్బా మీద 105 వాట్లని ఉంటుంది, సాకెట్ (బోర్డు మీద చిప్పు కూర్చునే చోటు) దగ్గర 142 దాకా లాగుతుంది. డబ్బా మీద 170 ఉన్న 7950ఎక్స్ 230 దాకా పోతుంది. ఇంటెల్ కోర్ ఐ7-13700 మూల వాట్లు 65, టర్బోలో, అంటే పూర్తి వేగంతో పరిగెత్తేటప్పుడు, 219.

మన ఊరి ఎండకి ఈ అంకెలు ఏమవుతాయో చూద్దాం. కూలర్ చేయగలిగిందల్లా చిప్పుకీ గాలికీ మధ్య ఇన్ని డిగ్రీల తేడా నిలపడమే. వాటుకి అర డిగ్రీ పెరిగే మామూలు టవర్ కూలర్ అనుకోండి. క్యాబినెట్ లోపలి గాలి గది కంటే 5 డిగ్రీలు ఎక్కువ ఉంటుందనుకుందాం. 7700ఎక్స్ 95 డిగ్రీల దగ్గర తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. డిసెంబరులో గది 25 డిగ్రీలుంటే ఈ కూలర్ 130 వాట్ల దాకా మోస్తుంది. మేలో గది 38 అయితే 104 దగ్గరే ఆగిపోతుంది. అంటే బయోస్‌లో 142 అని ఉన్నా నడిచేది 104తోనే, అదీ ఫ్యాన్ పూర్తి స్పీడులో తిరుగుతూ, చిప్పు 95 డిగ్రీల్లో ఉడుకుతూ. అదే గదిలో హద్దు 88కి పెడితే చిప్పు 87 డిగ్రీల దగ్గర నిలబడుతుంది, ఫ్యాన్ గోల కూడా తగ్గుతుంది. అందుకే డిసెంబరులో సరిపోయిన హద్దుని నమ్ముకోకుండా రోహిణి కార్తెలో మధ్యాహ్నం రెండింటికి పరీక్షించి పెట్టుకోవాలి.

ముందు ఇప్పుడున్న పరిస్థితి రాసుకోండి. కంప్యూటర్ లోపలి కొలతలు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో64 ప్రోగ్రాం తెరిచి సెన్సార్లలో ప్యాకేజీ పవర్ (చిప్పు మొత్తం లాగే వాట్లు), ఉష్ణోగ్రత, ఎఫెక్టివ్ క్లాక్ (చిప్పు నిజంగా పనిచేస్తున్న వేగం) చూడండి. ప్రాసెసర్ వేగానికి స్కోరు ఇచ్చే సినీబెంచ్ ఆర్23 ప్రోగ్రాంని పది నిమిషాల పరీక్షలో నడిపి స్కోరు, ఆఖరి రెండు నిమిషాల వాట్లు నోట్ చేయండి. మొదటి నిమిషం అంకెలు లెక్కలోకి రావు, కూలర్ ఇంకా వేడెక్కి ఉండదు. తర్వాత మీ అసలు పని, ఒక పది నిమిషాల ఎక్స్‌పోర్ట్, గడియారం పెట్టి కొలవండి. చివరికి తేల్చాల్సింది ఆ సమయంతోనే, సినీబెంచ్ స్కోరుతో కాదు.

ఏఎండీ ఏఎం5 బోర్డుల్లో (7700ఎక్స్ లాంటి చిప్పులు కూర్చునేవి) సులువైన దారి ఎకో మోడ్, అంటే వాట్లు తగ్గించే రెడీమేడ్ సెట్టింగ్. బయోస్‌లో ప్రెసిషన్ బూస్ట్ ఓవర్‌డ్రైవ్ మెనూ దగ్గరలోనో, విండోస్‌లో ఏఎండీ వాళ్ళ రైజెన్ మాస్టర్ ప్రోగ్రాంలోనో దొరుకుతుంది. 65 వాట్ల ఎకో ఎంచితే సాకెట్ హద్దు 88 వాట్లకి దిగుతుంది, 105 ఎంచితే 142కి. 7700ఎక్స్ లాంటి ఎనిమిది కోర్ల (చిప్పులో విడివిడిగా పనిచేసే భాగాలు) చిప్పు 88 వాట్లలో అన్ని కోర్లూ వాడే పనిలో సుమారు 5 నుంచి 10 శాతం నష్టపోతుంది. ఒక కోర్ మీద నడిచే పనిలో తేడా దాదాపు ఉండదు. 7950ఎక్స్‌కి మాత్రం 88 మరీ ఇరుకు, పదహారు కోర్లు పంచుకోవాలి కదా, దానికి 142 నప్పుతుంది. చేత్తో అంకె కొట్టాలంటే పీపీటీ (సాకెట్ వాట్ల హద్దు) గడిలో కొట్టాలి. ఒక చిక్కుంది, కొన్ని బోర్డులు ఆ అంకెని మిల్లీవాట్లలో అడుగుతాయి. అక్కడ 88000 కొట్టాలి. 88 కొట్టారంటే విండోస్ తెరుచుకోవడానికే నత్తనడక నడుస్తుంది. 7600, 7700 లాంటి, పేరులో ఎక్స్ లేని చిప్పులు అసలే 88 మీద వస్తాయి, వాటిని కదపక్కర్లేదు. 7800ఎక్స్3డీ ఆటల్లో తన హద్దు దరిదాపులకి కూడా పోదు, దాన్నీ వదిలేయండి.

ఇంటెల్‌లో రెండు హద్దులు, ఒక సమయం. పీఎల్2 కొద్దిసేపు పరిగెత్తడానికి, పీఎల్1 ఎంతసేపైనా నడవడానికి, ఆ కొద్దిసేపు ఎంతో టావ్ చెబుతుంది. 2024 దాకా చాలా మదర్‌బోర్డులు వీటిని 4096 వాట్లని, అంటే హద్దే లేదని పెట్టుకుని వచ్చేవి. ఎడిటింగ్ కంప్యూటర్‌లో ఐ7-13700కే, 14700కే లాంటివి ఉంటే రెంటినీ 125కి కట్టేయడం మంచి మొదలు. ఆఫీసు పని, బ్రౌజింగ్, డీటీపీ అయితే పీఎల్1ని 65కి, పీఎల్2ని 117కో 125కో పెట్టి టావ్‌ని 28 సెకన్లకి వదలండి. ఫైలు తెరిచేటప్పుడు చురుకు పోదు, ఎక్కువసేపు నడిచే పనిలో వేడి పెరగదు.

13, 14 తరాల ఇంటెల్ డెస్క్‌టాప్ చిప్పు ఉన్నవాళ్ళు ఏ అంకె ముట్టుకునే ముందైనా బయోస్ అప్‌డేట్ చేయాలి. వోల్టేజి అవసరానికి మించి ఎక్కి ఈ చిప్పులు మెల్లగా పాడయ్యే లోపాన్ని ఇంటెల్ 2024లో మైక్రోకోడ్‌తో (బయోస్‌తో పాటు వచ్చే, చిప్పు లోపలి ప్రోగ్రాం) సరిచేసింది. ఆగస్టులో 0ఎక్స్129, సెప్టెంబరులో 0ఎక్స్12బి వచ్చాయి. కనీసం రెండోది ఉన్న బయోస్ వేయండి. ఆటలు ఉన్నట్టుండి మూసుకుపోవడం, జిప్ ఫైళ్ళు విప్పేటప్పుడు తప్పులు రావడం ఇప్పటికే మొదలైతే అప్‌డేట్ ఆ చిప్పుని బాగుచేయదు. ఇంటెల్ వీటికి వారంటీ రెండేళ్ళు పెంచింది, బిల్లు వెతికి పట్టుకోండి.

హద్దు పెట్టాక కూడా ఇంకొంచెం పిండుకోవాలంటే వోల్టేజి తగ్గించాలి. ఏఎండీలో ఆ పని చేసే బయోస్ సెట్టింగ్ కర్వ్ ఆప్టిమైజర్: అన్ని కోర్లకీ మైనస్ 10తో మొదలెట్టి, వారం బాగా నడిస్తే మైనస్ 15, ఆపై 20. ఒక్కో అంకె సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్టులు. హద్దు మారకుండా వోల్టేజి తగ్గితే అవే వాట్లలో ఎక్కువ మెగాహెర్ట్జ్ వస్తుంది, ఎకో మోడ్‌లో పోయిన స్కోరు చాలావరకు ఇలా వెనక్కి వస్తుంది. ఎకో మోడ్ కంపెనీ లెక్కలోదే, కర్వ్ ఆప్టిమైజర్‌ని మాత్రం ఏఎండీ ఓవర్‌క్లాకింగ్ (కంపెనీ హద్దులు దాటించడం) కిందే చూస్తుంది, వారంటీ వర్తించదు.

ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. సినీబెంచ్ అరగంట ఆడితే సెట్ అయిపోయిందనుకుంటారు. అన్ని కోర్లూ పనిచేసేటప్పుడు ఫ్రీక్వెన్సీ తక్కువ కాబట్టి తగ్గించిన వోల్టేజి సరిపోతుంది. కంప్యూటర్ ఖాళీగా ఉండి ఒక కోర్ గభాలున పై అంచుకి ఎగిరినప్పుడే చాలక రీస్టార్ట్ అవుతుంది. పాట వింటుంటేనో, రాత్రి కాపీ పెట్టి పడుకుంటేనో పడిపోయే కంప్యూటర్లలో కొన్నింటి జబ్బు ఇదే. కోర్‌సైక్లర్ అనే ప్రోగ్రాంతో ఒక్కో కోర్‌ని విడిగా రాత్రంతా పరీక్షించండి. తెల్లారాక విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో వీయా-లాగర్ (WHEA-Logger) పేరుతో ఎర్రర్లు ఉన్నాయేమో చూడండి, కంప్యూటర్ పడిపోకపోయినా సరే. ఏ కోర్ తప్పిందో దానికి మాత్రం 5 అంకెలు వెనక్కి ఇవ్వండి. ఎక్కువగా తప్పేవి అన్నిటికంటే మంచి కోర్లే, వాటికి ఫ్యాక్టరీలోనే తక్కువ వోల్టేజి ఇచ్చి ఉంటారు.

ఇంటెల్‌లో పేరు చివర కే లేని చిప్పులకి చాలాచోట్ల వోల్టేజి తగ్గించే దారి మూసి ఉంటుంది. కొన్ని బోర్డుల్లో లోడ్‌లైన్ అనే వోల్టేజి సెట్టింగుని తగ్గించి ఆ పని చేయొచ్చు గానీ, సీఈపీ అనే రక్షణ నడుస్తుంటే అది తక్కువ వోల్టేజిని చూసి క్లాకుని లోలోపల సాగదీస్తుంది. పైకి ఫ్రీక్వెన్సీ అంతే కనబడుతుంది, వాట్లు తగ్గుతాయి, స్కోరూ పడిపోతుంది. ఎఫెక్టివ్ క్లాక్ చూడమన్నది ఇందుకే. అది మామూలు క్లాక్ కంటే బాగా కిందుంటే ఆ మార్పు వెనక్కి తీసేయండి.

ఎంత దాకా దించాలి? చిప్పు కాక మిగతా కంప్యూటర్ 70 వాట్లు తింటుందనుకుని లెక్క వేద్దాం. 142 వాట్ల దగ్గర గంట పట్టే ఎక్స్‌పోర్ట్‌కి మొత్తం 212 వాట్-అవర్లు. 88 దగ్గర 65 నిమిషాలు పడితే 171. మరీ ఆశపడి 45కి దించి 95 నిమిషాలు పడితే 182, అంటే పనీ ఆలస్యం, ఖర్చూ ఎక్కువ. చిప్పు తగ్గినా మిగతా 70 వాట్లు ఆ అదనపు అరగంటా కాలుతూనే ఉన్నాయి. అందుకే పది పది వాట్లుగా దించుతూ ఇలా గుణించి చూసి, మొత్తం మళ్ళీ పెరగడం మొదలైన చోట ఆగాలి.

రోజుకి ఎనిమిది గంటలు ఎక్స్‌పోర్టులు నడిచే చోట చిప్పు దగ్గర 54 వాట్లు తగ్గితే నెలకి 13 యూనిట్లు. ఎస్‌పీడీసీఎల్ బిల్లులో మీ ఆఖరి స్లాబు యూనిట్ 8.75 రూపాయలదైతే నూట పదమూడు రూపాయలు. అదేం పెద్ద డబ్బు కాదు. ఏసీ గదిలో ఆ వేడిని బయటికి తోయడానికయ్యే కరెంటు కలిపినా ఇంకో మూడు నాలుగు యూనిట్లు. అసలు లాభం యూపీఎస్ దగ్గర తెలుస్తుంది. 600 వీఏ యూపీఎస్ చాలావరకు 360 వాట్లే మోస్తుంది. 142 చిప్పు, 70 మిగతావి, గ్రాఫిక్స్ కార్డు కూడా పనిచేసే ఎక్స్‌పోర్ట్ అయితే దానికి ఇంకో 120, దాని మీద ఎస్‌ఎంపీఎస్‌లో (కంప్యూటర్ పవర్ సప్లై) పోయే నష్టం కలిపితే 377. కరెంటు పోగానే యూపీఎస్ కూడా కూత పెట్టి ఆగిపోతుంది, గంట ఎక్స్‌పోర్ట్ గంగలో కలుస్తుంది. చిప్పుని 88కి దించితే 316, అదే యూపీఎస్ నిలబడుతుంది.

విండోస్‌లో పవర్ ప్లాన్ బ్యాలెన్స్‌డ్‌లోనే ఉంచండి. హై పెర్ఫార్మెన్స్ పెడితే పనిలేనప్పుడు కూడా క్లాక్ దిగదు. బయోస్‌లో సీ-స్టేట్స్ (పనిలేని కోర్లని నిద్రపుచ్చే సెట్టింగ్) ఆపమని చెప్పే వీడియోలని పట్టించుకోవద్దు. చిప్లెట్లతో (ఒకే చిప్పుగా కాక చిన్న ముక్కలు కలిపి) చేసిన రైజెన్లు ఖాళీగా ఉన్నప్పుడు కూడా ఇరవై వాట్లు దాటి తింటాయి, దాన్ని ఏ సెట్టింగూ పెద్దగా తగ్గించదు. గంటలకొద్దీ ఊరికే ఉండే కంప్యూటర్‌ని స్లీప్‌లో పెట్టడమొక్కటే మందు.

బయోస్ అప్‌డేట్ చేసినా, బయోస్ సెట్టింగులని గుర్తుంచే సీమాస్ బ్యాటరీ అయిపోయినా ఈ అంకెలన్నీ పోయి పాతవి వచ్చేస్తాయి. అన్నీ కుదిరాక ఒక్కో మెనూ ఫోన్‌తో ఫోటో తీసుకుని పెట్టుకోండి.