కుట్లు పెంచిన వరుస ఒకవైపు బిగుస్తోందా?

సూదులతో అల్లే ఊలు టోపీకి రిబ్బు (సాగే చారల) అంచు చక్కగానే వస్తుంది. కుట్లు పెంచి, ఆపై నాలుగైదు వరుసలు అల్లేసరికి మాత్రం ఒక పక్క బిగిసి, మిగతాదంతా పూరీలా ఉబ్బి కనిపిస్తుంది. ఊలు మార్చనక్కర్లేదు. ముందు మీ భాగహారం చూసుకోండి, ముఖ్యంగా శేషాన్ని ఏం చేశారో చూడండి.

80 కుట్లను 92 చేయాలనుకుందాం. పెంచాల్సినవి 12. 80ని 12తో భాగిస్తే 6 వస్తుంది, 8 మిగులుతాయి. ఆరేసి కుట్లకు ఒకటి పెంచుకుంటూ పోతే ఆ 8 కుట్లూ చివర అలాగే ఉండిపోతాయి. గుండ్రంగా అల్లేటప్పుడు వాటి పక్కనే మొదటి ఆరు కుట్లు వస్తాయి కాబట్టి అక్కడ ఏకంగా 14 కుట్ల మేర పెంపే ఉండదు. బిగిసిన పక్క అదే.

మిగిలిన 8ని చివరకు నెట్టకుండా ఎనిమిది గుంపులకు ఒక్కొక్కటి పంచండి. అప్పుడు ఏడేసి కుట్ల గుంపులు 8, ఆరేసివి 4 అవుతాయి. వాటినీ కలిపేసి 7, 7, 6 అనే వరుసలో నాలుగుసార్లు అల్లండి. 20 నాలుగుసార్లు, సరిగ్గా 80. ఈ లెక్క కాగితం మీద రాసుకున్నాకే సూది పట్టుకోవాలని నేను గట్టిగా చెబుతాను.

ఇది రెండు కుట్ల మధ్య అడ్డంగా ఉన్న దారాన్ని ఎత్తి, మెలితిప్పి అల్లే పెంపుకు సరిపోయే లెక్క. ఒకే కుట్టులో రెండు అల్లే పద్ధతైతే ఆ కుట్టు కూడా గుంపులోదే. ఏడింటి గుంపులో ఆరు మామూలుగా అల్లి, ఏడోదాన్ని రెండు చేయాలి. కొక్కెం సూదితో అల్లే క్రోషేలోనూ అంతే.

తగ్గించేటప్పుడు కుట్లు చాలకపోతే

96ను 84 చేయడానికి 12 తగ్గించాలి. 96ను 12తో భాగిస్తే 8. ఎనిమిది అల్లి, తర్వాతి రెండూ కలిపితే ఒక్కో తగ్గింపుకు 10 కుట్లు ఖర్చవుతాయి; తొమ్మిది తగ్గింపులకే వరుస అయిపోతుంది. కలిపే రెండూ ఆ ఎనిమిదిలోవే. ఆరు అల్లి, రెండు కలపండి.

ముందుకూ వెనక్కూ అల్లే పలకల్లో అంచు ముడుచుకుంటే పెంపు మరీ అంచుకే పడి ఉండొచ్చు. ఒక గుంపును రెండుగా చీల్చి, సగం మొదట్లో, సగం చివర్లో ఉంచండి. 84కు 12 పెంచాలంటే మొదట 3 అల్లి ఒక పెంపు, ఆపై ఏడేసి కుట్లకు ఒకటి చొప్పున పదకొండు పెంపులు, చివర 4 కుట్లు.

క్రోషే గుండ్రం ఆరు పలకలుగా మారితే

నర్సాపురం లేసులో కనిపించే గుండ్రని మ్యాట్ల వంటివి నేర్చుకునేవారిని బాగా విసిగించేది ఇదే. లెక్క తప్పలేదు. ప్రతి వరుసలోనూ ఆరు పెంపులు పాత పెంపుల మీదే పడి మూలలు తేలాయి. 18 నుంచి 24కు వెళ్లే వరుసలో 2 అల్లి పెంచడానికి బదులు, 1 అల్లి పెంచండి, తర్వాత 2 అల్లి పెంచడం ఐదుసార్లు, చివర 1. ఇలా వరుస విడిచి వరుస జరుపుతూ పోతే మూలలు కరిగిపోతాయి.

అంచు అలల్లా తేలితే పెంపులు ఎక్కువయ్యాయి, గిన్నెలా లేస్తే తక్కువయ్యాయి. సింగిల్ క్రోషేకు (పొట్టి కుట్టు) వరుసకు 6, డబుల్ క్రోషేకు (పొడవు కుట్టు) 12 దగ్గర మొదలుపెట్టి చూడండి.

విప్పాల్సి వస్తుందని భయమా? సూదులతో అల్లేవారు పెంచబోయే వరుసకు ముందే సన్నని నూలు దారాన్ని కుట్లన్నిటిలోంచీ దూర్చి ఉంచండి. లెక్క తప్పినా అల్లిక ఆ దారం దగ్గరే ఆగుతుంది.