మన చెరువు కలువను ఇంటి తొట్టెలో పూయించడం ఎలా?

వినాయక చవితి ముందు రోజు విజయనగరం బజారులో పత్రితో పాటు కలువ మొగ్గలు కట్టలుగా కట్టి అమ్ముతారు కదా, వాటిని ఇంటికి తెచ్చి నీళ్ళలో వేస్తే మొలుస్తాయా అని చాలామంది అడుగుతుంటారు. మొలవవు. తెంపిన కాడకి వేరు రాదు. మీకు కావలసింది బురదలో ఉండే దుంప.

ముందు ఏ కలువ కావాలో తేల్చుకోండి. శ్రీకాకుళం, విజయనగరం వైపు చెరువుల్లో, బందల్లో (చిన్న చెరువుల్లో) ముఖ్యంగా రెండు రకాలు ఉంటాయి. నీలి కలువ, అంటే కొందరు నల్ల కలువ అనేది, శాస్త్రీయంగా నింఫియా నౌచాలి. ఇది పొద్దెక్కాక విచ్చుకుని సాయంత్రానికి ముడుచుకుపోతుంది. రెండోది నింఫియా ప్యూబిసెన్స్. తెలుపులోనో గులాబీ ఛాయలోనో పూస్తుంది, ఆకు అంచు రంపపు పళ్ళలా ఉంటుంది, ఆకు అడుగున తడిమితే నూగు తగులుతుంది. ఇది రాత్రి విచ్చుకుని మర్నాడు ఎండ ముదిరేదాకా ఉంటుంది. మన కవులు కలువని చంద్రుడితో ముడిపెట్టింది దీన్ని చూసే అని నా నమ్మకం. పొద్దున్నే డ్యూటీకి వెళ్ళి చీకటి పడ్డాక ఇల్లు చేరేవాళ్ళు నీలి కలువ పెంచితే ఆదివారం తప్ప పువ్వుని చూడలేరు, వాళ్ళు రాత్రి కలువే పెట్టుకోవాలి.

దుంప తెచ్చుకోవడానికి మంచి కాలం ఏప్రిల్, మే. చెరువు అడుగంటినప్పుడు, పూడిక తీస్తున్నప్పుడు దుంపలు బురదతో పాటు పైకి వస్తాయి. చూడటానికి నల్లగా, వేళ్ళ పీచుతో, వక్కాయంత నుంచి నిమ్మకాయంత ఉంటాయి. చెరువు చేపల వేలం పాటలో ఉంటే పాటదారుని, లేకపోతే ఊరివాళ్ళని అడిగి ఒకటి రెండు మాత్రమే తీసుకోండి. నీళ్ళు నిండుగా ఉన్నప్పుడు లోపలికి దిగొద్దు, కలువ కాడలు కాళ్ళకి చుట్టుకుంటే ఈత వచ్చినవాడు కూడా బయటపడలేడు. శ్రీకూర్మం లాంటి చోట గుడి పుష్కరిణుల జోలికి, తేలినీలాపురం లాంటి పక్షుల తావుల జోలికి అసలు పోవద్దు. తెచ్చిన దుంపని బాగా కడగండి, గుర్రపు డెక్క పిలక ఒక్కటి అంటుకుని వచ్చినా తొట్టె అంతా అదే అయిపోతుంది.

తొట్టె కనీసం 2 అడుగుల వెడల్పు, అడుగున్నర లోతు ఉండాలి. నల్ల ప్లాస్టిక్ టబ్ చాలు. కొత్త సిమెంటు గోలెం అయితే సున్నం దిగిపోయేలా రెండు వారాలు నీళ్ళు పోసి, మూడు నాలుగు సార్లు పారబోసి అప్పుడు వాడండి. ఈ సైజు తొట్టెలో సుమారు 130 లీటర్ల నీళ్ళు పడతాయి, మట్టితో కలిపితే బరువు 150 కిలోలు దాటుతుంది, కాబట్టి మేడ మీద పెట్టేవాళ్ళు స్లాబ్ మధ్యలో కాకుండా కింద గోడ ఉన్నచోట పెట్టండి. రోజుకి ఐదారు గంటలు నేరుగా ఎండ తగలాలి. నీడలో ఆకులు వస్తాయి గానీ పువ్వు రాదు.

ఇక మట్టి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. నర్సరీలో అమ్మే కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) కలిపిన మట్టి నీళ్ళలో పెట్టగానే పైకి తేలి తొట్టెంతా చెత్త చేస్తుంది. మనవైపు ఎక్కువగా ఉండే ఎర్రమట్టి ఒక్కటే వేస్తే దుంపకి బలం చాలదు. చెరువు బంకమట్టి అన్నిటికన్నా మేలు, దొరక్కపోతే వరి మడిలోది తెచ్చుకోండి. అడుగు వెడల్పున్న బేసిన్ తీసుకుని, అడుగున రెండు గుప్పిళ్ళు బాగా మాగిన గెత్తం (పశువుల ఎరువు) వేసి, పైన మట్టి నింపి, నీళ్ళు పోసి ముద్దగా మెదిపి గాలి బుడగలు పోనివ్వండి. పచ్చి పేడ మాత్రం వద్దు, నీళ్ళు కుళ్ళి, తర్వాత దోమల కోసం వేసే చేపలు చచ్చిపోతాయి. దుంప మొలక కొన మట్టి పైకి కనబడేలా నాటి, చుట్టూ ఇసుక పరిచి, నాలుగు గులకరాళ్ళు పెట్టి, బేసిన్‌ని తొట్టెలోకి మెల్లగా దించండి.

మొదట మొలక మీద 3, 4 అంగుళాల నీళ్ళు చాలు, ఆకులు ఎదిగేకొద్దీ పెంచుతూ ఒక అడుగు లోతు దాకా తీసుకెళ్ళండి. కుళాయి నీళ్ళైతే రెండు రోజులు నిలవ ఉంచి పోయాలి. నేను మొదటిసారి జూన్‌లో ఆకులతో ఉన్న మొక్కనే తెచ్చి నాటితే వారంలో ఆకులన్నీ కుళ్ళిపోయాయి, చచ్చిపోయిందనుకుని పారేయబోయాను. పదిహేను రోజులకి అదే దుంప నుంచి చుట్టుకున్న ఎర్రటి చిన్న ఆకు వచ్చింది. అప్పటినుంచి కుళ్ళిన ఆకులు తీసేసి, దుంప గట్టిగా ఉంటే ఓపిక పడుతున్నాను.

రెండో వారానికి నీళ్ళు పచ్చబడతాయి. టెన్షన్ పడి మార్చేయకండి. కొత్త నీళ్ళు పోసినప్పుడల్లా నాచు మళ్ళీ మొదటినుంచి మొదలవుతుంది. ఆకులు సగానికి పైగా నీటిని కప్పేస్తే కిందకి ఎండ తగ్గి నీళ్ళు వాటంతటవే తేటపడతాయి. ఆవిరైనంత మేర పోస్తూ ఉంటే చాలు.

దోమల విషయంలో మాత్రం ఓపిక పనికిరాదు. గుడ్డు దోమ అవడానికి వారం, పది రోజులే పడుతుంది. నీళ్ళు పోసిన రెండు మూడు రోజుల్లోనే నాలుగైదు గప్పీ చేపలు వేయండి, వాటికి మేత వేయకండి, దోమపిల్లలనే తింటాయి. దోమల కోసమే వదిలే గంబూషియా చేప నాకు ఇష్టం లేదు. మిగతా చేపల రెక్కలు కొరుకుతుంది, కప్ప పిల్లల్ని తినేస్తుంది. గప్పీలు కూడా మనవి కావు, కాబట్టి ఎక్కువైనా చెరువులో వదలొద్దు.

చేపలున్న తొట్టెలో వేపనూనె, పురుగుమందు కొట్టకూడదు. పేనుబంక పడితే ఆకుని నీళ్ళలో ముంచి చేత్తో తుడిచేయండి, చేపలే తింటాయి. పండిన ఆకుల్ని కాడతో సహా అడుగుకంటా తీసేయండి. నెలకోసారి చెంచాడు ఎముకల పిండిని కాగితంలో పొట్లం కట్టి మట్టిలోకి లోతుగా గుచ్చండి, డిసెంబరు, జనవరి చలిలో మాత్రం ఆపేయండి.

అంచుకి రెండు అంగుళాల కిందుగా ఒక రంధ్రం పెట్టి దోమతెర ముక్క కట్టండి, లేదంటే ముసుర్లలో నీళ్ళు పొర్లి చేపలు కొట్టుకుపోతాయి. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ లాంటి తుపాను హెచ్చరిక వస్తే తొట్టె ఖాళీ చేయకండి, నిండు తొట్టె బరువుకి కదలదు. ఆకులు చిరిగినా దుంప మళ్ళీ చిగురిస్తుంది.

వేసవిలో నాటితే వానాకాలం సగానికి మొదటి మొగ్గ చూడొచ్చు. ఒక్కో పువ్వు మూడు నాలుగు రోజులు విచ్చుకుంటూ ముడుచుకుంటూ ఉంటుంది. ఆఖరి రోజు కాడతో కోసి పిల్లలకి ఇవ్వండి, పీచు తెగకుండా అటొక ముక్క ఇటొక ముక్క విరుస్తూ దండ చేయడం నేర్పండి. రెండో వేసవికి బేసిన్ బయటకి తీస్తే పక్కన పిల్ల దుంపలు ఉంటాయి. వాటిని విడదీసి తడి గోనెపట్టాలో చుడితే ఇరుగుపొరుగుకి ఇచ్చేదాకా రెండు మూడు రోజులు పాడవకుండా ఉంటాయి.