వాఫిల్ కరకరలాడాలంటే మూత జోలికి పోకండి

రెండు వేడి ప్లేట్ల మధ్య పిండిని కాల్చే వాఫిల్ మేకర్‌లో వాఫిల్ రెండుగా చీలి, సగం పై ప్లేటుకీ సగం కింది ప్లేటుకీ అతుక్కుపోయిందని ఎవరు చెప్పినా నేను ముందు అడిగేది ఒక్కటే: మధ్యలో మూత తీసి చూశారా? చూశామనే అంటారు. అయినా పిండినే తప్పుపట్టి కొత్త కొలతలు వెతుకుతుంటారు. ఇది చూసి చూసి విసుగొచ్చి రాస్తున్నాను.

కొలతలు మామూలువే. మైదా 2 కప్పులు, అంటే సుమారు 250 గ్రాములు. బేకింగ్ పౌడర్ 3 టీస్పూన్లు, పంచదార 2 టేబుల్‌స్పూన్లు, ఉప్పు అర టీస్పూను. అన్నీ కలిపి జల్లించండి. జల్లించే ముందే మైదాలో 2 టేబుల్‌స్పూన్లు తీసేసి అంతే కార్న్‌ఫ్లోర్ వేయాలి, పైపొర కరకరలాడేది దానివల్లే. వేరే గిన్నెలో 2 గుడ్ల పచ్చసొనలు, ఒకటిముప్పావు కప్పు పాలు, కరిగించి చల్లార్చిన వెన్న 115 గ్రాములు గిలక్కొట్టి పిండిలో పోయండి. నూనెతోనూ కరకర వస్తుంది కానీ ఆ కమ్మదనం రాదు. వెన్నే వేయాలి.

పిండి తడిస్తే చాలు, చిన్న చిన్న ఉండలు ఉండనివ్వండి. నున్నగా వచ్చేదాకా కలిపితే మైదాలోని జిగురు (గ్లూటెన్) సాగి వాఫిల్ రబ్బరులా అవుతుంది. తెల్లసొనను విడిగా, నురగ కుచ్చులా నిలబడేదాకా గిలక్కొట్టి, చివర్లో అడుగు నుంచి పైకి తిప్పుతూ మెల్లగా కలపండి. రాత్రే ఈస్ట్ వేసి పులియబెట్టేవాళ్లున్నారు. ఆ రుచి బాగుంటుంది, కాదనను. కానీ తినాలనిపించిన గంటలో చేతికొచ్చేది ఈ పద్ధతిలోనే.

వాఫిల్ మేకర్‌ను ఖాళీగా కనీసం 5 నిమిషాలు, బరువైనదైతే 10 నిమిషాలు కాగనివ్వండి. బ్రష్‌తో పలచగా నూనె రాయండి. నూనె స్ప్రే వద్దు, అందులోని లెసిథిన్ అనే పదార్థం ప్లేట్ల మీద జిగటగా పేరుకుంటుంది. పిండి పోసి మూత వేయండి.

ఇక చేతులు కట్టుకోండి. ప్లేట్లకు ఆనిన రెండు వైపులా ముందు గట్టిపడతాయి, నడుమ ఇంకా పచ్చిగానే ఉంటుంది. అప్పుడు మూత ఎత్తితే పై సగం పైకి, కింది సగం కిందికి లాగి ఆ పచ్చి భాగం దగ్గర చీలిపోతుంది. తర్వాత ఎంతసేపు కాల్చినా అతకదు.

మరి ఉడికిందని ఎలా తెలుస్తుంది? ఆవిరి చూడండి. పిండిలోని తడి ఆవిరై పక్కల నుంచి పొగలా వస్తుంది. అది జోరుగా వస్తున్నంతసేపూ లోపల ఉడకలేదనే. పచ్చ లైటును నమ్మకండి, చాలా మేకర్లలో అది చెప్పేది ప్లేట్ల వేడి గురించే. మామూలుగా 4 నుంచి 6 నిమిషాల్లో ఆవిరి సన్నబడి దాదాపు ఆగిపోతుంది. అప్పుడు కూడా ఇంకో అరనిమిషం ఆగండి. ఆ తర్వాతే మూతను ఒక్క వేలితో ఎత్తి చూడండి. తేలిగ్గా లేస్తే అయినట్టే. పట్టుకున్నట్టు అనిపిస్తే వెంటనే దించేసి మరో నిమిషం వదిలేయండి. బలవంతంగా లాగొద్దు. చాకుతో అసలే గీకొద్దు, ప్లేట్ల పూత పోతే ప్రతి వాఫిలూ అంటుకుంటుంది.

తీశాక పళ్లెంలో ఒకదాని మీద ఒకటి పెడితే కింద చెమ్మ పట్టి మెత్తబడతాయి. తీగల జాలీ మీద విడివిడిగా పెట్టండి, లేదా 100 డిగ్రీల ఓవెన్‌లో ఉంచండి. మిగిలినవి పూర్తిగా చల్లారాక ఫ్రీజర్‌లో దాచి, కావలసినప్పుడు టోస్టర్‌లో వేడిచేసుకోండి. మైక్రోవేవ్‌లో మాత్రం పెట్టొద్దు.